బొడ్డు మీద దోమతెర

మొన్న బంధువుల పెళ్ళికి ముందు సంగీత్ పెట్టారు. సంగీత్ మనకెప్పటి ఆచారం అని అడగకండి, అడిగితే పాతకాలం మనిషంటారు. ఈసారి ఈవెంట్ వాళ్ళు ‘ఈజిప్షియన్ థీమ్’ అన్నారు. అంటే థర్మోకోల్ పిరమిడ్లు రెండు, బంగారు రంగు పూసిన ఒంటె బొమ్మ ఒకటి, వాటి మధ్య నాణేలు కుట్టిన నడుంపట్టీతో బెల్లీ డ్యాన్స్ చేసే ఒక అమ్మాయి. డీజే ఏం వేశాడో చెప్పక్కర్లేదు. పాములవాడు బుట్ట మూత తీస్తే వినిపించే ఆ ట్యూనే.

ముందు వరసలో నాకు పెదనాన్న వరసయ్యే పెద్దాయన ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని నిశ్చితార్థంలో కూర్చునే అక్షింతలు వేసిన మనిషి. డ్యాన్స్ మొదలవగానే లేచారు. పదకొండు నిమిషాలు నిలబడి వీడియో తీశారు. ఫోన్ నిలువుగా పట్టారు, అడ్డంగా పట్టారు, మళ్ళీ నిలువుగా పట్టారు. పెళ్ళివారు డబ్బిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ అడ్డొస్తే ‘జరగవయ్యా’ అని కసిరారు. ఛార్జింగ్ అయిపోతుంటే మనవణ్ణి పరిగెత్తించి పవర్ బ్యాంక్ తెప్పించుకున్నారు. అంతా అయ్యాక డబుల్ కా మీఠా ప్లేటుతో నా పక్కకొచ్చి, ‘ఛీ ఛీ, ఆడపిల్లలున్న ఇంట్లో ఇదేం సంస్కృతిరా? ఎటు పోతున్నాం?’ అన్నారు. ఎటూ పోలేదు, పదకొండు నిమిషాలూ అక్కడే ఉన్నారు. చెంచా నోట్లో ఉండగానే ఫోన్ నా చేతికిచ్చి, ‘మొదట్లో నీ తలకాయ అడ్డొచ్చింది, కాస్త కత్తిరించి పంపు’ అన్నారు.

ఆయన్ని నేను తప్పుపట్టను. ఈజిప్టు పాలకులు దాదాపు రెండు వందల ఏళ్ళు శ్రమపడి కట్టుకున్న విధానాన్ని ఆయన ఒక్కరే, ఒక్క స్వీటు ప్లేటుతో అమలు చేశారు.

1834లో మహమ్మద్ అలీ పాషా కైరోలోని నాట్యగత్తెలను ఊళ్ళోంచి వెళ్ళగొట్టాడు. దక్షిణాన ఎస్నా వైపు తోలేశాడు. నగరం శుద్ధి అయిపోయింది. 1850లో ఫ్లాబేర్ అనే ఫ్రెంచి రచయిత ఆ శుద్ధి అయిన నగరం నుంచి నైలు మీద పడవెక్కి ఎస్నాకు పోయి మరీ డ్యాన్స్ చూసొచ్చాడు. ఇంకా తమాషా ఏమిటంటే, తర్వాతి కాలంలో కైరో డ్యాన్సర్లకూ వాద్యకారులకూ కాణాచి అయిన వీధి పేరు మహమ్మద్ అలీ వీధి. తరిమినవాడి పేరు మీదే కాపురం పెట్టారు!

1926లో బదియా మసాబ్ని అనే నర్తకి కైరోలో డ్యాన్స్ క్లబ్బు తెరిచింది. పేరుమోసిన డ్యాన్సర్లు తహియా కారియోకా, సామియా గమాల్ ఇద్దరూ ఆమె దగ్గర తయారైనవాళ్ళే. 1949లో ఫారూక్ రాజు సామియాకు ఈజిప్టు జాతీయ నర్తకి అని బిరుదిచ్చాడు. రాజు పోయాడు, సైన్యం నుంచి నాసర్ వచ్చాడు. 1950లలో కొత్త ఈజిప్టుకు ముంచుకొచ్చిన ప్రమాదాల్లో బొడ్డు ఒకటని తేలింది. నడుము కనబడకూడదు, కప్పుకోవాలన్నారు. సరేనని సన్నటి వలగుడ్డ కప్పారు, మన దోమతెర లాంటిది. బొడ్డు కనిపిస్తూనే ఉంటుంది, కానీ చట్టం దృష్టికి కనిపించదు. ఆ నియమం ఇప్పటికీ బతికే ఉంది. 2018లో కైరోలో ఒక రష్యన్ డ్యాన్సర్‌ను పట్టుకుంటే విచారణ ఆమె లోపల వేసుకున్న నిక్కరు దాకా వెళ్ళింది. దాన్ని పరిశీలించిన అధికారి హోదా ఏమిటో, ఆ ఉద్యోగానికి పోటీ ఎంతో ఊహించుకోండి.

నవ్వే అర్హత మనకు లేదనుకోండి. హీరోయిన్ బొడ్డు మీదికి పూలూ పళ్ళూ విసిరి, దానికి కుటుంబ కథాచిత్రం అని పేరు పెట్టి, అమ్మమ్మతో సహా వెళ్ళి చూసొచ్చిన జాతి మనది.

ఇక ఆ పాము ట్యూను. దానికీ కైరోకీ ఏ చుట్టరికమూ లేదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినోదాల విభాగం చూసుకున్న సోల్ బ్లూమ్, పియానో మీద అప్పటికప్పుడు తానే కట్టి వాయించానని చెప్పుకున్నాడు. తర్వాత ఆయన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కూడా అయ్యాడు. ఈజిప్టువాళ్ళు ‘రక్స్ షర్కీ’, అంటే తూర్పు నాట్యం, అని పిలుచుకునేదానికి పొట్ట పేరు అంటగట్టి అమ్మింది కూడా అలాంటి బజార్లే.

అసలు సంగీతం వినాలంటే 1949 నాటి ‘అఫ్రీతా హానెమ్’ సినిమా చూడండి. ఫరీద్ అల్ అత్రష్ పాడుతుంటాడు, గొంతులో ఎప్పుడూ ఏడుపు. సామియా దీపంలోంచి వచ్చిన భూతం. ఇలాంటి పాటల్లో వయొలిన్లు పైన ఎక్కడో తిరుగుతుంటే కింద తబలా ‘దుమ్ తక్, తక్ దుమ్ తక్’ అంటుంది. వాళ్ళ తబలా మన తబలా కాదు, చంకలో పెట్టుకుని వాయించే ఒంటి డప్పు. ఆ దుమ్ మీద తుంటి దిగుతుంది, వయొలిన్ సాగినంతసేపూ చేతులు సాగుతాయి. పాటలో ఏ వాద్యం ఏం చేస్తోందో చెవి కన్నా ముందు ఆ ఒంటికి తెలుస్తుంది. తహియా అయితే కదలనే కదలదు. కుర్రాడిగా ఆమెను చూసిన పాలస్తీనా విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1990లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: ఆ కళ ఎంత కదిలారన్నదాంట్లో లేదు, ఎంత తక్కువ కదిలారన్నదాంట్లో ఉంది. పదకొండు నిమిషాల వీడియోలో మా పెదనాన్న చెయ్యే అంతకన్నా ఎక్కువ కదిలింది.

ఈ తహియా వామపక్ష రాజకీయాలకు జైలుకెళ్ళొచ్చిన మనిషి. 1956లో కాన్ ఉత్సవానికెళ్ళిన సినిమాలో కథానాయిక. అలాంటి మనిషి 1972లో ‘ఖల్లీ బాలక్ మిన్ జూజూ’ సినిమాలో తల్లి వేషం వేసింది. యూనివర్సిటీలో చదువుకునే కూతురు, డ్యాన్సర్ అయిన తల్లి సంగతి దాచుకుంటుంది. డబ్బున్నవాళ్ళ ఇంట్లో ఆ తల్లి చేత డ్యాన్స్ చేయిస్తారు. ఒళ్ళొచ్చిన ఆ ముసలి నడుము చూసి సూట్లవాళ్ళు పగలబడి నవ్వుతారు. ఆ సీను దగ్గర నాకు వ్యంగ్యం రాదు. ఎవర్రా మీరు నవ్వడానికి? ఈ ఆడమనిషి ఆడితేనే మీ పెళ్ళి పెళ్ళి అయింది. వధూవరులు ఆమె పొట్ట మీద చెయ్యేసి ఫొటో దిగింది మీ ఇళ్ళల్లోనే కదా, పిల్లలు కలగాలని! శకునానికి పనికొచ్చిన పొట్ట, ఆ పూట గడిచాక బూతు ఎలా అయింది? సిగ్గు ఎవరికి ఉండాలి?

సంగీత్ రాత్రి నేను కారు తీస్తుంటే ఆ అమ్మాయి జనరేటర్ వ్యాన్ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పైన శాలువా, కింద నాణేల పట్టీ. అతిథుల భోజనాలయ్యాకే స్టాఫ్‌కు ప్లేట్లట. పదకొండున్నర దాటింది. లోపల డబుల్ కా మీఠా రెండోసారి వడ్డిస్తున్నారు.

పెదనాన్న మాట కాదనలేక వీడియో కత్తిరించి పంపాను. నా తలకాయ ఉన్న పదిహేను సెకన్లు ఉంచి, మిగతాదంతా తీసేశాను. పొద్దున్నించి ఫోన్ చేస్తూనే ఉన్నారు.