తూకానికి రాని గ్యాసు

పోయిన ఎండాకాలం మా ఇంట్లో పద్నాలుగేళ్లు పనిచేసిన ఫ్రిజ్‌ను పాత సామాన్లకు వేశాం. నెల్లూరులో మా వీధికి ట్రాలీ ఆటోతో వచ్చే కుర్రాడు, మోయడానికి బరువు తగ్గుతుందని వాకిట్లోనే కంప్రెసర్ విప్పాడు. సన్న రాగి గొట్టాన్ని కటింగ్ ప్లేయర్‌తో తుంచగానే బుస్సుమని శబ్దం వచ్చి, కాసేపటికి ఆగిపోయింది. "ఏం కాదు సార్, గ్యాసు" అన్నాడు.

ఫ్రిజ్ వెనక ప్లేటు మీద 'ఆర్-134ఎ, 120 గ్రాములు' అని ఉంది. లోపల చల్లబరిచే గ్యాసు పేరు, బరువు అవి. వందేళ్ల లెక్కలో ఈ గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు వేడి పెంచుతుంది. అంటే మా వాకిట్లో ఒక్క తుంపుకు దాదాపు 170 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అయితే కిలోకి 1,800 కిలోల పైమాటే, పైగా ఓజోన్ పొరకూ చేటు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఇక్కడ ఏసీలు ఎన్ని కొంటున్నామో, రేపు అన్ని పాతబడతాయి.

కొత్త ఫ్రిజ్‌లలో వచ్చే ఆర్-600ఎ భూమిని అంతగా వేడెక్కించదు. కానీ అది మండే గ్యాసు. రేకుల షెడ్డులో గ్యాస్ కట్టర్ పట్టుకుని కూర్చునే మనిషికి ఆ యాభై, అరవై గ్రాములు చాలు, ఒళ్లు కాలడానికి. నాకు ఎక్కువ భయం అదే.

కుర్రాణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు. రాగికి రేటుంది, ఇనుముకు రేటుంది, గ్యాసుకు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీల మీద పెట్టాయి. మంచిదే. కానీ రీసైక్లింగ్ జరిగిందనడానికి రుజువుగా కంపెనీలు కొనాల్సిన సర్టిఫికెట్లను బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కనే ఇస్తున్నారు. అంగడి తక్కెడలోనూ లోహమే, చట్టం తక్కెడలోనూ లోహమే. అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం, ట్యూబులైట్లలో పాదరసం, ఫ్రిజ్ ఫోమ్ కాలిస్తే వచ్చే విషపు పొగ, వీటిదీ అదే కథ.

గ్యాసు తీయడం పెద్ద విద్యేమీ కాదు. గొట్టానికి పియర్సింగ్ వాల్వ్ (గ్యాసు బయటికి పోకుండా గొట్టానికి చిల్లు పెట్టే బిగింపు) బిగించి, రికవరీ మెషీన్‌తో లాగి సిలిండర్‌లో పట్టాలి. సిలిండర్ ఎనభై శాతానికి మించి నింపకూడదు, ఒక రకం గ్యాసులో ఇంకోటి కలపకూడదు. తర్వాత కంప్రెసర్ ఆయిల్ వంపాలి. అప్పుడే కట్టర్ పట్టాలి. మండే గ్యాసుకు మాత్రం దానికి పనికొచ్చే మెషీనే వాడాలి. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ పని నేర్చుకున్న పిల్లలకు ఇది చేతనవుతుంది. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు ఒక్కో మెషీన్ పెట్టి, కోయకుండా తెచ్చిన ప్రతి ఫ్రిజ్‌కూ ఆటో కుర్రాడికి ఇంతని చేతికివ్వాలి. ఆ డబ్బు కంపెనీల నుంచే రావాలి. ఉత్త అవగాహన సదస్సులతో ఎవరూ ఒక పూట కూలి వదులుకోరు.

ఒంగోలులో మా తమ్ముడు ఈ నెల ఏసీ మారుస్తున్నాడు. పాతది ఆర్-22. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పే మెకానిక్‌లు పంప్‌డౌన్ చేసి గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగుతారు. పాత సామాన్లకు పోయేదానికి ఆ శ్రమ పడరు. పంప్‌డౌన్ చేయించి, ఆ గ్యాసును సిలిండర్‌లోకి తీసుకునే మెకానిక్‌కే యూనిట్ ఇవ్వమన్నాను, అయిదొందలు తక్కువొచ్చినా సరే.