శనివారం రెండు గంటలు ‘నిశ్శబ్దం’ బోర్డు తీసేయండి

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. జ్యోతి వెలిగిస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు, చివరి రోజు బహుమతులిస్తారు. బడి పిల్లల్ని వరుసలో తీసుకొచ్చి వరుసలోనే తీసుకెళ్తారు. మిగతా ఏడాదంతా హైదరాబాద్ లైబ్రరీల్లో పిల్లలు పెద్దగా కనిపించరు. పైగా ‘ఫోన్లు వదలడం లేదు’ అని తప్పు వాళ్ల మీదికే నెట్టేస్తాం. అసలు వాళ్లను రమ్మని పిలిచిందెవరు? ప్రతి శనివారం రెండు గంటలు లైబ్రరీని వాళ్లకు వదలండి.

పిల్లల కార్యక్రమం అనగానే మనవాళ్లకు డ్రాయింగ్ పోటీ తప్ప ఇంకోటి తట్టదు. ఏ థీమ్ పెట్టాలో తెలియకపోతే లైబ్రరీ గుమ్మం దాటి చూస్తే చాలు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ మూసీ ఒడ్డునే ఉంది. 1908 సెప్టెంబర్ 28న ఆ మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. పిల్లల్ని ముందు ఆ చెట్టు దగ్గరికి నడిపించుకెళ్లండి. వెనక్కి వచ్చాక నేల మీద పెద్ద చార్టు పరిచి నది గీయించండి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎవరి ఇళ్లు ముందు మునిగాయి, తర్వాత ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఎందుకు పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఎందుకు కట్టారు... ప్రశ్నలు వాళ్లే వేస్తారు. పక్కనే బల్ల మీద వానల గురించి, చెరువుల గురించి, చేపల గురించి ఓ పాతిక పుస్తకాలు సిద్ధంగా ఉండాలి. వెళ్లేటప్పుడు ప్రతి చేతిలో ఒకటి ఉండాలి. అది జరగకపోతే ఆ రెండు గంటలూ వృథా.

ఈ చివరి మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక సంక్రాంతి సెలవుల్లో మా దగ్గరి చిన్న లైబ్రరీలో గాలిపటాలు చేయించాం. పల్చటి రంగు కాగితాలు, వెదురు పుల్లలు, మైదా జిగురు. ఏడో తరగతి కుర్రాడి పటం లేవగానే గింగిరాలు తిరిగి పడిపోయింది. ‘తోక కట్టురా’ అన్నాడు పక్కవాడు. ‘కడితే ఎందుకు ఆగుతుంది?’ అని వీడు. విమానాల గురించిన తెలుగు పుస్తకం ఒకటి తీసిచ్చాను. జిగురు వేళ్లతోనే పేజీలు తిప్పుతూ మెట్ల మీద కూర్చుని అరగంట కదల్లేదు. ఇంటికి తీసుకెళ్తానన్నాడు. మెంబర్‌షిప్ ఫారం మీద నాన్న సంతకం కావాలన్నారు. వాడు మళ్లీ రాలేదు. నా కార్డు మీద ఇప్పించాల్సింది, ఆ క్షణంలో నాకు తోచలేదు. ఫారాలు వారం ముందే బడికి పంపి సంతకాలు చేయించి పెట్టుకోవడం కష్టమైన పనా?

టీనేజీ వాళ్లను చిన్నపిల్లలతో కలిపి కూర్చోబెట్టకండి, రెండోసారి రారు. వాళ్లకు పని అప్పగించాలి. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ వజ్రం లండన్ టవర్ దాకా ఎలా వెళ్లిందో ఓ డిటెక్టివ్ ఆట కట్టమనండి. ఒక్కో ఆధారం ఒక్కో పుస్తకంలో దాచాలి. లైబ్రరీ పుస్తకాలను అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో 954 అంటే భారత చరిత్ర అని చెప్తే ఎవరికీ గుర్తుండదు. ఆ అరలో చీటీ వెతికినవాడు మాత్రం మర్చిపోడు. వచ్చే వారం ఆట వాళ్లే తయారు చేయాలి.

చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఇబ్బంది కదా అంటారు. నిజమే, వాళ్ల టెన్షన్ చిన్నది కాదు, ఇరుకు గదుల నుంచి వచ్చి పగలంతా అక్కడే చదువుకుంటారు. కానీ వరండా ఉంది, ఆవరణ ఉంది, అడిగేది వారానికి రెండు గంటలు. లైబ్రరీ అంటే పరీక్షల హాలు అని స్థిరపడిపోతే, ఉద్యోగం రాగానే పుస్తకం వదిలేసే తరమే మిగులుతుంది. పన్నెండేళ్లప్పుడు తెలుగు పుస్తకం సరదాకి చదవనివాళ్లు ముప్పై ఏళ్లకు చదువుతారా? భాష పోతోందని సభలు పెట్టేవాళ్లు ముందు ఇది ఆలోచించాలి.

డబ్బులేవి అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్‌గా మన దగ్గర వసూలు చేస్తున్నారు. చార్టులకు, జిగురుకు, కథ చెప్పే ఒక మనిషికి అందులో ఎంత కావాలి? జీహెచ్‌ఎంసీ ఆ సొమ్ము పూర్తిగా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పిల్లల శనివారాలకు ఎంత కేటాయించారో సంస్థ తన బడ్జెట్‌లో విడిగా ఓ పద్దు రాసి చూపించాలి.