ఎడమ చేతి మీద ప్యాచ్

మధ్యాహ్నం మూడింటికి డాలస్‌లో మీటింగ్‌లో ఉండగా జేబులో ఫోను గోల పెట్టింది. అమ్మ చేతికి అంటించిన షుగర్ సెన్సర్ ప్యాచ్ పంపిన అలారం అది. గుంటూరు బ్రాడీపేటలో అమ్మకి షుగర్ 52కి పడిపోయిందట. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తదు. టెన్షన్‌తో పక్కింటి పిన్నిని నిద్రలేపి పంపించాను. వేలికి సూది గుచ్చి చూస్తే 118!

"ఒరేయ్, అర్ధరాత్రి రక్తం తీయించడానికా ఈ ప్యాచ్ తెచ్చావు?" అంది అమ్మ.

సెన్సర్ ఉన్న చెయ్యి ఒత్తుకునేలా పడుకుంటే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుందని తర్వాత తెలిసింది. అమ్మ ఎడమవైపు తిరిగే పడుకుంటుంది. ప్యాచ్ అంటించింది ఎడమ చేతికే. అంటించినవాణ్ణి నేనే.

ఆ నెలలోనే ఆవిడ పొడపత్రి పొడి మొదలుపెట్టింది. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, తీపి తెలియదు. రాత్రి అన్నం మానేసి పుల్కాలకి మారింది. డాక్టరుగారు షుగర్ బిళ్ళ డోసు పెంచారు. మూడు నెలల సరాసరి చెప్పే టెస్టు చేయిస్తే షుగర్ తగ్గింది. నేను ప్యాచ్ వల్లే అన్నాను, అమ్మ పొడపత్రి అంది. ఒక్క ఇంట్లో, ఒక్క మనిషి మీద ఇది తేలే లెక్క కాదు. అందుకే ఒక మందో పద్ధతో పనిచేస్తుందా అని పరీక్షించే ట్రయల్స్‌లో ఒకేలాంటివాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఇచ్చి మరో గుంపుకి ఇవ్వకుండా చూస్తారు.

మన పశ్చిమ గోదావరిలోనే అలాంటిది జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపించారు. 2019లో ఫలితాలొచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఇందులో సిగ్గుపడాల్సింది కనిపించలేదు. పని చేయలేదని కూడా అచ్చువేసిన పరిశోధననే నేను నమ్ముతాను.

యోగా సంగతీ అంతే. గుండెపోటు వచ్చిన దాదాపు 4,000 మందితో దేశంలోని 24 ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్ 2020లో వెలువడింది. యోగా నేర్చుకున్నవాళ్లు మళ్లీ పాత పనుల్లో పడటం మెరుగైంది, మళ్లీ గుండెపోటు లాంటివి రావడం మాత్రం గణనీయంగా తగ్గిందని రుజువు కాలేదు. వాట్సాప్‌లో మొదటి సగమే తిరుగుతుంది.

ఇక్కడి మన తెలుగు సంఘం డిసెంబరులో గుంటూరులో క్యాంపు పెట్టి వాచీలు, సెన్సర్లు పంచుతుంది. ఫొటోలు బాగా వస్తాయి. జనవరిలో ఆ అంకెలు ఎవరు చూస్తారు? నేనైతే సగం డబ్బుతో ఒక నర్సుని ఏడాదిపాటు పెట్టి, ఇంటింటికీ పంపి, ఇంగ్లిష్ మందుతోపాటు ఇంకేం వాడుతున్నారో రాయించేవాణ్ణి. కాకర రసం, పొడపత్రి షుగర్ బిళ్ళతో కలిస్తే నిజంగానే 52కి పడిపోవచ్చు. ఆ అలారం నిజమో, పక్క తిరిగి పడుకున్నదో, చూసే మనిషి ఉంటేనే తెలుస్తుంది. ఇక ఏ కంపెనీ మన స్టేజీ ఎక్కి మాట్లాడినా, ట్రయల్స్‌ని నమోదు చేసే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మీ ట్రయల్ నంబరెంత అని అడగండి. 2007 నుంచీ ఉంది, ఎవరైనా చూడొచ్చు, ఆయుర్వేదం ట్రయల్స్ కూడా అందులో ఉంటాయి. నంబరున్నంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు, అదీ గుర్తుంచుకోండి.

కిందటి నెల అమ్మ పొడపత్రి సంగతి డాక్టరుగారికి చెప్పింది. ఆయన తిట్టలేదు, చీటీ మీద రాసుకున్నారు. ప్యాచ్‌ని కుడి చేతికి మార్పించింది కూడా ఆయనే.