ఐకాన్లు తెల్లబడితే ఫార్మాట్ చేయించనక్కర్లేదు

విశాఖపట్నం వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. ‘పాత కంప్యూటర్‌లో ఐకాన్లు తెల్లబడితే వైరస్ సోకినట్టే. ఫోల్డర్లలో కనిపించే డెస్క్‌టాప్.ఐఎన్ఐ ఆ వైరస్ ఫైలే. వెంటనే ఫార్మాట్ చేయించి ఉచిత ఐకాన్ ప్యాక్ వేసుకోండి, వేగం కూడా పెరుగుతుంది’ అని దాని సారాంశం. దీన్ని నమ్మి ద్వారకానగర్ దుకాణాలకు సీపీయూ మోసుకెళ్లకండి.

ముందు ఫార్మాట్ సంగతి. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేయడం. అసలు నష్టం అక్కడే. ఐకాన్ అంటే ఫైలుకు గుర్తుగా కనిపించే చిన్న బొమ్మ. అది పాడైతే ఫైలు పాడైనట్టు కాదు. విండోస్ ఈ బొమ్మలను ప్రతిసారీ వెతక్కుండా ఒక చోట నిల్వ చేసుకుంటుంది. విండోస్ 7లో ఆ నిల్వ పేరు ఐకాన్‌క్యాష్.డీబీ. యూజర్ ఖాతాలోని యాప్‌డేటాలో, లోకల్ ఫోల్డర్‌లో దాగి ఉంటుంది. అది చెడితే బొమ్మలు తెల్లబడతాయి, తారుమారవుతాయి. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఉంచుకుని, డెస్క్‌టాప్‌ను, ఫోల్డర్లను చూపించే ఎక్స్‌ప్లోరర్‌ను టాస్క్ మేనేజర్‌లో ఆపి, ప్రాంప్ట్ నుంచి ఆ ఒక్క ఫైలును తొలగించండి. దాగిన ఫైలు కాబట్టి తొలగించే డెల్ (del) ఆదేశానికి ‘/ఎ’ (/a) జోడించాలి. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే విండోస్ కొత్త నిల్వను తానే తయారుచేసుకుంటుంది.

ఒకే రకం ఫైళ్లు తెల్లబడితే కారణం వేరు. వాటిని తెరిచే ప్రోగ్రామ్ లేకపోయి ఉండాలి, లేదా దానితో ముడి తెగి ఉండాలి. పత్రికలు, కార్డుల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌ను తీసేసిన డీటీపీ కంప్యూటర్‌లో దాని పీఎండీ ఫైళ్లన్నీ తెల్లగానే కనిపిస్తాయి. లోపలి పెళ్లిపత్రిక చెక్కుచెదరదు. అలాంటి కంప్యూటర్‌ను ఫార్మాట్ చేస్తే తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, కీబోర్డు అమరిక కూడా పోతాయి. ఆ పాత సీడీలు ఇప్పుడు ఎంతమంది దగ్గరున్నాయి?

డెస్క్‌టాప్.ఐఎన్ఐ మీద వేసిన నింద అన్యాయం. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్‌కు వెళ్లి ఐకాన్ మార్చినప్పుడు, ఆ బొమ్మ ఎక్కడుందో విండోస్ రాసుకునే ఫైలు అది. నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా తెరిచి చదవవచ్చు. తొలగిస్తే పసుపు ఫోల్డర్ తిరిగి వస్తుంది, అంతే. బొమ్మ ఫైలును వేరే చోటికి జరిపినా పెట్టుకున్న ఐకాన్ పోతుంది కాబట్టి వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో కదపకుండా ఉంచుకోండి. ఫోటో పేరు చివర ఐకాన్ ఫైళ్లకు ఉండే ఐసీఓ అని రాసినంత మాత్రాన అది ఐకాన్ కాదు, నిజంగా ఆ రూపంలోకి మార్చాలి. 16 నుంచి 256 పిక్సెళ్ల దాకా పలు పరిమాణాలు ఒకే ఫైలులో ఉంటే చిన్నగా చూసినా పెద్దగా చూసినా స్పష్టంగా ఉంటుంది.

బొమ్మలు మారిస్తే వేగం పెరగదు. పైగా కొన్ని ప్యాక్‌లు విండోస్ సొంత ఐకాన్లు ఉండే ఇమేజ్‌రెస్.డీఎల్ఎల్ వంటి సిస్టమ్ ఫైళ్లనే మార్చేస్తాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. అలాంటి కంప్యూటర్‌లో ఊరూపేరూ లేని ప్యాక్ వేయడమంటే వైరస్‌ను మనమే పిలవడం.

సందేశం చెప్పని అసలు ప్రమాదం పెన్‌డ్రైవ్‌లో ఉంది. జిరాక్స్ దుకాణంలో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ బాణం గుర్తుతో షార్ట్‌కట్‌లైపోతే అది వైరస్ పనే. అప్పుడు కూడా ఫోల్డర్లు సాధారణంగా లోపలే దాగి ఉంటాయి. షార్ట్‌కట్‌లను తెరవకండి. యాంటీవైరస్‌తో శుభ్రం చేసి, దాగిన వాటిని కనిపించేలా చేసే యాట్రిబ్ (attrib) ఆదేశంతో ఆ ఫోల్డర్లను బయటకు తీయండి.