రాత అని ఊరుకుందామా?

పోయిన నెల మన సంఘం పెట్టిన సంతాప సభలోంచి నేను మధ్యలోనే లేచి వచ్చాను. హనుమకొండ నుంచి ఈ పరాయి దేశానికి చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు తెల్లవారుజామున కారు నడుపుతూ నిద్ర ముంచుకొచ్చి చనిపోయాడు. పగలు క్లాసులు, రాత్రంతా స్టోర్‌లో పని. అది తెలిసి కూడా మైకు పట్టిన పెద్దలందరిదీ ఒకటే మాట: "రాత. అంతవరకే రాసిపెట్టి ఉంది." పార్కింగ్‌లో ఇంకొకాయన, "నిద్రొస్తుంటే ఎవరు నడపమన్నారు?" అన్నాడు. ఒకరు విధి మీదికి తోశారు, ఇంకొకరు చనిపోయినవాడి మీదికే తోశారు.

రాత అనే మాట విలువ నాకు తెలుసు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పుల బాధతో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా పెద్దబాపు వాళ్లలో ఒకడు. పెద్దమ్మ అన్నం ముట్టకుండా గోడకు ఒరిగి కూర్చుంటే, ఊరి ముసలవ్వ ఒకామె పక్కన చేరి, "రాత గట్లుంటే నువ్వేం జేస్తవు బిడ్డా, లే" అంటూ నోట్లో ముద్ద పెట్టింది. ఆ మాటే పెద్దమ్మను బతికించింది. ఆ సాయంత్రమే, మందులు అప్పుకిచ్చి వడ్డీ మీద వడ్డీ వేసిన షావుకారు కూడా వచ్చాడు. మా మంచం మీదే కూర్చుని, "అంతా రాత" అన్నాడు. అవ్వ నోట ఓదార్పయిన మాట వీడి నోట తప్పించుకునే దారి అయింది.

బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోసాలుడనే గురువు అంతా నియతి, అంటే ముందే ఖాయమైన విధి అన్నాడు, మనిషి ప్రయత్నానికి ఫలం లేదన్నాడు. బుద్ధుడు దాన్ని గట్టిగా ఖండించాడు. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: శరీరం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మన సభ ఆ ఐదోదాన్నే పట్టుకుంది. ప్రతిదానికీ కారణం ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ కారణం ఉందంటే దాన్ని మార్చే వీలుందని కదా! ఫీజు కోసం ఇంటి దగ్గర తెచ్చిన అప్పు, నిద్రలేని రాత్రులు, తోడు లేని ప్రయాణం. ఇందులో బ్రహ్మ రాసింది ఏది?

మేడారం పోయి నిలువెత్తు బంగారం (బెల్లం) తూగే వాళ్లం మనం. కరువు రావడం సమ్మక్క, సారలమ్మల చేతిలో లేదు. కప్పం కట్టేది లేదని కాకతీయ సైన్యానికి ఎదురు నిలవడం మాత్రం వాళ్ల నిర్ణయమే.

కమిటీ పెద్దలకు నా మనవి. బతుకమ్మ బడ్జెట్ మీటింగ్‌లో ముందుగా ఈ సంగతే మాట్లాడండి. రాత్రి షిఫ్టు దిగే పిల్లలను ఇంటికి చేర్చడానికి వాలంటీర్ల లిస్టు తయారు చేద్దాం. ఫీజుకు తడుముకునే వాళ్లకు వడ్డీ లేకుండా సర్దుదాం. శుక్ర, శనివారాల రాత్రులకు నా పేరు రాసుకోండి, కారు తీసుకొని వస్తాను.