తుఫాను వెళ్లాక చేల్లో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో ఎవరు లెక్కపెడుతున్నారు?

తుఫాను తీరం దాటిన మర్నాడు అధికారులైనా టీవీ వాళ్లైనా ముందు చెప్పేది ప్రాణనష్టం ఎంత అని. అలాగే చెప్పాలి కూడా. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు, నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. 1996 నవంబర్ 6 నాటి కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి ఇంటికి రాలేదు. అదే 2014లో హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదకే వచ్చి ఎయిర్‌పోర్టు పైకప్పు లేపేసినా ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు, చేతిలో సెల్‌ఫోను, బతిమాలో బలవంతంగానో లోతట్టు ఊళ్లను ఖాళీ చేయించడం, ఇవన్నీ కలిసి సాధించిన ఫలితం ఇది. దీని వెనక పనిచేసిన ప్రతి ఉద్యోగికీ దండం పెట్టాల్సిందే.

కానీ అక్కడితో మన లెక్క ఆగిపోతోంది. మనుషులు బతికారు కాబట్టి గండం గట్టెక్కినట్టేనని సర్దుకుంటున్నాం. డెల్టాలో బతికేవాళ్లకు అసలు టెన్షన్ మొదలయ్యేది గాలి ఆగాకే. చేల్లో నీళ్లు ఎప్పుడు దిగుతాయి? దీనికి జవాబు చెప్పే అంకె ఏ ప్రభుత్వ బులెటిన్‌లోనూ కనపడదు. తుఫానును ఎంత బాగా ఎదుర్కొన్నామో ఆ అంకెతోనే కొలవాలని నా వాదన.

నీళ్లు ఎందుకు దిగవు? కృష్ణా, గోదావరి డెల్టాల చివరి ఊళ్లు సముద్రానికి దాదాపు సమానమైన ఎత్తులో ఉంటాయి. వాన నీరు మురుగు కాలువల్లోంచి (డ్రెయిన్లు) వెళ్లి మొగ దగ్గర, అంటే కాలువ సముద్రంలోకి తెరుచుకునే చోట, సముద్రంలో కలవాలి. తుఫాను రోజుల్లో సముద్రమే పొంగి ఉంటుంది కాబట్టి అది నీటిని వెనక్కి తోస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. సముద్రం తగ్గాక కూడా నీరు కదలకపోతే మాత్రం ఆ తప్పు మనదే. మొగల్లో ఇసుక మేట వేసి ఉంటుంది, డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, తూటుకాడ అల్లుకుని ఉంటాయి, చాలా చోట్ల చేపలు, రొయ్యల చెరువుల గట్లు డ్రెయిన్ వెడల్పును మింగేసి ఉంటాయి. పడిపోయిన వరి వెన్ను నాలుగు రోజులు నీళ్లలో నానితే గింజ మొలకెత్తుతుంది. గాలికి పడిన చేను నీరు తొందరగా దిగితే కొంతైనా చేతికొస్తుంది, వారం నిలిచిందా, ఇక కోత ఖర్చులు కూడా దండగే.

ఇంకొకటి, పంట కాలం. మనకు పెద్ద తుఫానులు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో, సార్వా (ఖరీఫ్) వరి ఈనేదీ కోతకొచ్చేదీ అప్పుడే. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ కోసిన పనలను, కుప్పలను నీట ముంచింది. జూన్ మొదట్లోనే నారు పోస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుందని ఎప్పటినుంచో చెబుతున్నారు, రైతులకూ తెలుసు. అయితే కాలువ చివరన ఉండే శివారు భూములకు నీరు అందేది అందరికంటే ఆఖర్న, దాంతో నాట్లు ఆలస్యం, కోతలూ ఆలస్యం. నీళ్లు కావాల్సినప్పుడు చివర్లో ఉండేవాళ్లే నీళ్లు వద్దన్నప్పుడు ముందు మునుగుతున్నారు!

మునిగిన ఆ చేను చేసేది ఎక్కువగా కౌలు రైతే. పంట నష్టం 33 శాతం దాటితే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి సాయం, ఇవ్వాలి, నిబంధన అలాగే ఉంది. ఆ జాబితాలోకి ఎక్కాలంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరుండాలి, దానికి కౌలు రైతును సాధారణంగా సాగుదారు హక్కు పత్రం అడుగుతారు, 2019 చట్టం ప్రకారం ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ఆ యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని అతని భయం. కౌలు బస్తాలు మాత్రం తుఫాను వచ్చినా ఇచ్చుకోవాల్సిందే, లేకపోతే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకు పోతుంది. చివరికి ఎలాగో ఒబ్బిడి చేసుకున్న ధాన్యాన్ని కొనుగోలు కేంద్రానికి తెస్తే తేమ 17 శాతం దాటిందనీ రంగు మారిందనీ ధరలో కోత పెడతారు.

కోనసీమ కొబ్బరిది ఇంకో రకం దెబ్బ. దేశవాళీ చెట్టు కూలితే మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఒక్కసారి ఇచ్చే పరిహారంతో అన్నేళ్లు ఇల్లు గడవదు. తోటనే నమ్ముకుని కాయలు దింపే కార్మికులకైతే ఆ కాస్త కూడా రాదు. వేట మీద బతికేవాళ్లకు హెచ్చరిక ఉన్న ప్రతి రోజూ పస్తే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి భృతి ఇస్తున్న ప్రభుత్వం తుఫాను రోజులకు ఎందుకు ఇవ్వకూడదు?

వీటన్నిటికీ కొత్త పథకం పేర్లు అక్కర్లేదు. కాలువలకు నీళ్లు ఆపేసే ఏప్రిల్, మే నెలల్లోనే డ్రెయిన్ల పూడిక తీయాలి, వానలు మొదలయ్యాక టెండర్లు పిలిస్తే ఆ డబ్బు వృథా. మొగలు తెరవడం కూడా ఆ పనుల్లో భాగం కావాలి. శివారుకు ముందు నీళ్లిచ్చి తర్వాత ఎగువకు ఇచ్చే వరుస పెట్టాలి. యజమాని సంతకం లేకపోయినా, చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో విచారించి ఈ-క్రాప్‌లో రాయాలి. ప్రతి తుఫాను తర్వాత ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల్లో ఎన్ని రోజులు నీరు నిలిచిందో రాసి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. ఆ కాగితం పట్టుకుని వచ్చే వేసవిలో ఏ డ్రెయిన్ ముందు తవ్వాలో రైతులే ఇంజనీరుకు చెబుతారు.