ముందు ఈత కొలను సంగతి చూడండి

2022 జూలై 19న ఢిల్లీలో, అప్పులు కట్టలేక దివాలా తీసిన శ్రీలంక మీద అఖిలపక్ష సమావేశం పెట్టారు. పొరుగిల్లు తగలబడుతోంది, నీళ్ల బిందె ఎటు పట్టుకెళ్లాలో మాట్లాడుకుందామని వెళ్లిన మన ఎంపీలకు అక్కడ రాష్ట్రాల అప్పుల చిట్టా కనిపించింది. అందులో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. శ్రీలంక గురించని పిలిచి మా అప్పులు చదవడమేమిటని వైఎస్సార్‌సీపీ, టీఆర్‌ఎస్‌ వాళ్లు అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది ఇక్కడ ప్రతిపక్షం రాష్ట్రం మరో శ్రీలంక అవుతోందని గొంతు చించుకుంది. ఎవరిని అడిగినా లంక ఎదుటివాడి పెరట్లోనే ఉంది.

ఉచితాలు పంచితే ఇంతే అన్నది ఆ రోజు ఢిల్లీ పెద్దలు తీసిన నీతి. గొటబయ రాజపక్స 2019లో లంక అధ్యక్షుడిగా గద్దెనెక్కగానే చేసిన మొదటి పంపకం ఏమిటో తెలుసా? వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి దించేశారు. ఖజానాకు చిల్లు పడింది. అయితే పేదవాడికి బియ్యమిస్తే ఉచితం, షావుకారుకి పన్ను తగ్గిస్తే సంస్కరణ. ఈ తేడా తెలియనివాళ్లు ఆర్థిక శాస్త్రం జోలికి రాకూడదు.

నాకు ప్రజల సంగతి పట్టదు. వాళ్ల కష్టాలు వాళ్లు పడగలరని 75 ఏళ్లుగా రుజువు చేస్తూనే ఉన్నారు. నా బెంగంతా పాలకుల క్షేమం గురించే. ఆ దృష్టితో చూస్తే లంక నుంచి నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

ఎరువుల విషయం చూడండి. 2021లో ఒక శుభోదయాన రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు. ప్రపంచానికి చెప్పిన కారణం ప్రకృతి సేద్యం, చెప్పని కారణం డాలర్ల కరువు. చైనా నుంచి ఓడలో సేంద్రియ ఎరువు వచ్చింది. పరీక్షిస్తే అందులో పంటకు చేటు చేసే బ్యాక్టీరియా ఉందన్నారు, ఓడను రేవుకు రానివ్వలేదు. చివరికి దించుకోని ఎరువుకు దాదాపు 70 లక్షల డాలర్లు చెల్లించారు. ఈలోగా వరి దిగుబడి పడిపోయింది, తేయాకు పడిపోయింది, ఆ ఏడాది చివర్లో నిషేధం కూడా పడిపోయింది. లంక మేతకూ గోదారి ఈతకూ సరి అని మన కోనసీమ గేదెలకు ఎప్పుడో తెలుసు. వాటిని సలహాదారులుగా పెట్టుకోకపోవడం గొటబయ మొదటి పొరపాటు.

రెండోది కుటుంబం. తమ్ముడు గొటబయ అధ్యక్షుడు, అన్న మహింద ప్రధాని, ఇంకో తమ్ముడు బాసిల్ ఆర్థికం, పెద్దన్న చమల్ నీటిపారుదల, మహింద కొడుకు నమల్ క్రీడలు. పండక్కి అందరూ భోజనానికి కూర్చుంటే క్యాబినెట్ కోరం సరిపోయేలా ఉండేది. నేనేమీ తప్పుపట్టడం లేదు, మన వైపు ఇది ఆచారమే. కానీ 2022 ఏప్రిల్ 3న సోషల్ మీడియాను ఆపేస్తే, మంత్రిగా ఉన్న నమలే, నిషేధాన్ని దాటించే వీపీఎన్ వాడి ట్విట్టర్‌లోకొచ్చి, ఇలాంటి నిషేధాలు దండగ, నేను వీపీఎన్‌లోనే ఉన్నాను చూడండి అన్నట్టు రాసుకొచ్చాడు. ఇంటి గుట్టు లంకకు చేటు. ఈ సామెతను ఇంత శ్రద్ధగా, సొంత ఊళ్లోనే పాటించిన కుటుంబం మరోటి లేదు.

అసలు పాఠం మాత్రం జూలై 9న. కాగితం లేక పిల్లల పరీక్షలు వాయిదా పడిన దేశం, పెట్రోలు వరసలో రోజులు గడిపిన దేశం, మూడు నెలలుగా కొలంబో గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకుని ‘గోటా గో హోమ్’ అని మొత్తుకున్న దేశం ఆ రోజు అధ్యక్ష భవనంలోకి నడిచింది. లోపల నీలి రంగు ఈత కొలను. బయట కుళాయిలో నీళ్లొస్తాయో రావో తెలియని కుర్రాళ్లు చొక్కాలు విప్పి అందులో దూకారు. ఇంకొందరు ట్రెడ్‌మిల్ ఎక్కి ఎక్కడికీ చేరకుండా నడిచారు, దేశం అప్పటికి కొన్నేళ్లుగా నడుస్తున్నట్టే. కోటీ 78 లక్షల రూపాయల కొత్త నోట్లు దొరికితే కూర్చుని లెక్కపెట్టి పోలీసులకు అప్పజెప్పారు. నోట్లు లెక్కపెట్టి తిరిగిచ్చే జనం ఎంత ప్రమాదకరమో పాలకులు గ్రహించాలి. అల్లరిమూక అని ముద్ర వేయడానికి కూడా పనికిరారు.

గొటబయ ఈలోగా సైనిక విమానంలో మాల్దీవులు, అక్కణ్నుంచి సింగపూర్ చేరి, రాజీనామాను ఈమెయిల్‌లో పంపించారు. కాగితం కొరత ఉన్న దేశానికి అది ఆయన చేసిన చివరి పొదుపు. ఆ తర్వాత పార్లమెంటు ఎవరిని ఎన్నుకుంది? 2020 ఎన్నికల్లో తానూ ఓడి, పార్టీ మొత్తానికి, ఓట్ల వాటాను బట్టి దక్కే జాబితా సీటు ఒక్కటే మిగిలిన రణిల్ విక్రమసింఘేను. జనం కొలనులో ఈదుతుంటే కుర్చీ దగ్గర ఒడ్డున కూర్చున్నవాడు ఎక్కాడు. దాదాపు 50 రోజులకు గొటబయ కూడా తిరిగొచ్చారు, విమానాశ్రయంలో మంత్రులే పూలతో ఎదురెళ్లారు. కాబట్టి మరీ అంత భయపడక్కర్లేదు.

ఇదంతా మొన్న మా వైపు ఒక నాయకుడికి విన్నవించాను. ఊరి బయట గెస్ట్‌హౌస్ కట్టిస్తున్నాడు, ఈత కొలను గుంట సగం తవ్వి ఉంది. ఆయన చాలాసేపు గుంటలోకి చూస్తూ ఊ కొట్టాడు. కొలను మానేస్తాడేమోనని నాకు ఆశ పుట్టింది. అప్పుడు మేస్త్రీని కేకేశాడు.

"ఒరే, ఎంత లోతు చెప్పాను?"

"ఎనిమిదడుగులండీ."

"మూడు చాల్లే. రేపు జనం వచ్చి దూకారనుకో, ఎవడైనా మునిగితే ఎక్స్‌గ్రేషియా మళ్లీ మనమే ఇచ్చుకోవాలి."